సరంగమ్మ కోటు

మెడలో టేపు లేకుండా టేపక్కను చూసినవాళ్ళు స్టూడియోలో ఎవరూ లేరు. అన్నం తింటున్నా టేపు ఉంటుంది, జ్వరమొచ్చినా ఉంటుంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా దుస్తుల గది ఆవిడ రాజ్యం. ఎంత పెద్ద హీరో అయినా ఆవిడ ముందు చేతులు చాపి బుద్ధిగా నిలబడాల్సిందే. ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటే, "వదిలెయ్యండి బాబూ, నా దగ్గర దాచింది కెమెరా ముందు బయటపడుతుంది" అని అనిపించుకోవాల్సిందే. ఆవిడకు గర్వం ఎక్కువని అందరూ అంటారు. నిజమే. పని వచ్చినవాళ్ళకు కాక గర్వం ఇంకెవరికి ఉండాలి?

ఆ గర్వానికి ఒక్కచోట చిల్లు పడింది. అది ఒక పుస్తకంలో నూట పద్నాలుగో పేజీ.

దాని సంగతి చెప్పాలంటే సరంగమ్మ సంగతి చెప్పాలి. వందేళ్ళ కిందట ఏటికి వరదొచ్చినప్పుడు, మొగుడు పోయి ఏడాదైనా తిరగని ఒకావిడ, ఆయన నడిపిన పడవను తనే నడిపి, పదమూడు ట్రిప్పుల్లో మూడు వందల మందిని ఒడ్డుకు చేర్చింది. పడవ నడిపేవాడు సరంగు కాబట్టి ఆవిడ సరంగమ్మ అయింది. నలభై ఏళ్ళు గడిచాక ఆ కథను సినిమా తీశారు. నలుపు తెలుపు బొమ్మ. అందులో హీరోయిన్ నడుము దగ్గర నొక్కినట్టుండే తెల్లకోటు వేసుకుని, వానలో ఎడమచేత్తో కాలర్ ఎత్తుకుని పడవెక్కుతుంది. ఆ ఒక్క ఎత్తుకు హాల్లో ఈలలు మోగేవి. బొమ్మలు అమ్మేవాళ్ళు ఆ కోటుతోనే బొమ్మలు చేశారు, కూడలిలో విగ్రహం పెట్టినవాళ్ళు కూడా ఆ కోటునే తొడిగారు. ఆ కోటు కుట్టింది టేపక్క నాన్న. సినిమా విడుదలైన ఏడాదే టేపక్క పుట్టింది.

పన్నెండేళ్ళ కిందట చరిత్ర మాస్టారొకరు సరంగమ్మ మీద లావుపాటి పుస్తకం రాశారు. మంచి పుస్తకమే అంటారు. నూట పద్నాలుగో పేజీలో మాత్రం ఇలా ఉంది: "ఆ తెల్లకోటు ఎవరో దర్జీ చేసిన కల్పన. చరిత్ర తెలియని చేతులు ఒక మనిషిని బొమ్మగా మార్చేశాయి."

అప్పటికి నాన్నకు డెబ్భై ఆరు. కళ్ళజోడు తుడుచుకుని ఆ రెండు వాక్యాలూ తనే చదువుకున్నాడు. టేపక్క నిప్పు తొక్కిన కోతిలా గదంతా తిరుగుతూ ఉత్తరం రాస్తానంది, వెళ్ళి నిలదీస్తానంది. ఆయన పుస్తకం మూసి, "ఆయన కుట్టు విప్పి చూడలేదుగా" అన్నాడు. అంతే. ముసలాయన ఏదో సామెత చెబుతున్నాడనుకుని టేపక్క ఊరుకుంది. ఆయన పోయి నాలుగేళ్ళైంది. ఆ పుస్తకం ఇప్పటికీ ఆవిడ అరలో ఉంది. కోపం తగ్గుతోందనిపించినప్పుడల్లా తీసి, ఆ పేజీ ఒక్కటి చదువుకుని, మళ్ళీ పెట్టేస్తుంది.

అలాంటిది, సరంగమ్మ సినిమా మళ్ళీ తీస్తున్నారని, ఈసారి రంగుల్లోనని, దుస్తులు టేపక్కేనని కబురొచ్చింది. చరిత్ర విషయాల్లో సలహాకి ఆ మాస్టారినే పెట్టుకున్నారని కూడా అదే నోటితో చెప్పారు.

"కోరి తెచ్చుకున్న కొరివి అంటే ఇదే వదినా" అంది మరదలు. టేపక్క తమ్ముడి భార్య ఆవిడ. గదిలో ఇస్త్రీపెట్టె ఆవిడ చేతిలో ఉంటుంది, పెట్టె చల్లారినా నోరు చల్లారదు.

"రానీ. సూది మొన ఎటుందో చూపిస్తాను" అంది టేపక్క.

కొలతల రోజు వాళ్ళంతా పొద్దున్నే వచ్చారు. దుస్తుల గదిలో రెండు పొడుగాటి బల్లలు, మూడు పలకల నిలువుటద్దం, చక్రాల స్టాండ్లకు వేలాడుతూ వరద జనం బట్టలు. కుర్ర డైరెక్టరు ముందు నడిచాడు. ముప్పై కూడా నిండని పిల్లాడు, పాత సినిమాని అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. వెనకాలే చరిత్ర మాస్టారు, చంకలో సంచీ. ఆయన వెనక హీరోయిన్, చేతిలో టీ కప్పు. డైరెక్టరు చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒక పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"సామాన్ల గిడ్డంగిలో దొరికింది టేపక్కా. అసలు కోటు! పాత సినిమాలో వేసుకున్నదే."

మూత తీశాడు. టేపక్క రెండడుగులు ముందుకొచ్చింది. నాన్న పనిని ఆవిడ తెర మీద వందసార్లు చూసింది గాని, ఇలా చేతికందేంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. కాజాలు అరవై ఏళ్ళైనా పోగు లేవలేదు.

కోటు తెల్లగా లేదు. లేత నీలంగా ఉంది.

"చూశారా!" డైరెక్టరు కళ్ళు మెరిశాయి. "అసలు రంగు నీలం! అరవై ఏళ్ళుగా ఎవరికీ తెలీదు. పోస్టర్ మీద ఇదే వేద్దాం. పాత సినిమాకి ఒక్క కుట్టు తేడా లేకుండా, ఇదే నీలం, ఇదే నడుము, ఇదే కాలర్."

టేపక్క నవ్వు ఆపుకోలేకపోయింది.

"బాబూ, అప్పటి కెమెరా ముందు అచ్చ తెలుపు వేస్తే వెలుగు చిమ్మి మొహం కనబడేది కాదు. అందుకే తెల్లగా కనబడాల్సిన బట్టల్ని నీలిమందు నీళ్ళలో ముంచేవాళ్ళు. మా నాన్న తెలుపు చూపించడానికి నీలం ముంచాడు. ఇప్పుడు మీరు నీలమే చూపిస్తే ఆయన పడ్డ పాటంతా బూడిదలో పోసిన పన్నీరే."

డైరెక్టరు మొహం వాడిపోయింది. మాస్టారు ఆ సందు దొరకడమే చాలన్నట్టు గొంతు సవరించుకున్నారు. వాళ్ళిద్దరూ పది రోజులుగా ఒకరు ఎడ్డెమంటే ఒకరు తెడ్డెమంటున్నారు.

"తెలుపూ అబద్ధమే, నీలమూ అబద్ధమే. సరంగమ్మ ఆ రోజు వేసుకుంది పోయిన భర్త కోటు. పడవల కంపెనీ ఇచ్చిన ఖాకీ కోటు. వానలో, మసక వెలుతురులో, ఒడ్డున ఉన్న జనం ఆ కోటును చూసి సరంగు వచ్చాడనుకుని ధైర్యంగా పడవెక్కారు. ఆడమనిషని తెలిస్తే ఎక్కరని ఆవిడకు తెలుసు. అదీ ఆవిడ తెలివి! దాన్ని తీసేసి, ఎవరో దర్జీ నడుము నొక్కిన ఫ్యాషన్ కోటు కుట్టి..."

"ఆ ఎవరో దర్జీ మా మామగారండీ" అంది మరదలు, ఇస్త్రీపెట్టె ఠపీమని పెడుతూ. "ఈవిడ నాన్నగారు."

మాస్టారు చెడ్డమనిషి కాదు. చెవులు ఎర్రబడ్డాయి. కానీ మాట వెనక్కి తీసుకునే మనిషి కూడా కాదు.

"నాకు తెలీదమ్మా. మనసులో పెట్టుకోకండి. కానీ నిజం నిజమే కదా."

"నిజమే మాస్టారూ" అంది టేపక్క. పన్నెండేళ్ళుగా మనసులో వంద జవాబులు కుట్టి పెట్టుకుంది, ఇప్పుడు ఒక్కటీ చేతికి రాలేదు. భర్త కోటు సంగతి వింటుంటే, అదే బాగుందని ఆవిడకే అనిపించింది. అది మరీ మంటగా ఉంది. నాన్న పొరపాటు చేశాడా? తెలీక చేశాడా, తెలిసే చేశాడా?

చేతులు ఊరికే ఉండవు గనక, కొలతలు తీసుకుందామని కోటు దగ్గరికి లాక్కుంది. ఛాతీ ముప్పై ఆరు. చేయి ఇరవై రెండు. మరదలు పుస్తకంలో రాసుకుంటోంది. చేతి అంచు పట్టుకున్నప్పుడు టేపక్క వేళ్ళు ఆగాయి. మళ్ళీ తడిమింది. పక్క కుట్టు తడిమింది, వీపు కుట్టు తడిమింది. లోపల ఏదో మందంగా ఉంది.

ఏ దర్జీ అయినా కుట్టు లోపల కాస్త గుడ్డ వదులుతాడు. పిల్లలు ఎదుగుతారు, పెద్దలు లావెక్కుతారు, ఎప్పుడైనా విప్పుకోవడానికి పనికొస్తుంది. అర అంగుళం వదులుతారు, మహా అయితే అంగుళం. ఇక్కడ వేలికి తగులుతున్నది అంగుళం కాదు. సినిమా కోటుకు అంత గుడ్డ ఎందుకు? ఆ హీరోయిన్ షూటింగ్ మధ్యలో లావెక్కుతుందని నాన్న భయపడ్డాడా?

ఆయన కుట్టు విప్పి చూడలేదుగా.

అది సామెత కాదు.

"డైరెక్టర్ గారూ, ఈ కుట్టు విప్పాలి" అంది.

డైరెక్టరు కోటు మీద రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "ఏంటక్కా మీరు! నిర్మాత గారు నన్ను బతకనిస్తారా? ఇది చరిత్ర! రేపు అద్దాల పెట్టెలో పెట్టాల్సింది. ఒక్క పోగు కూడా కదలడానికి వీల్లేదు."

"మళ్ళీ ఉన్నది ఉన్నట్టు కుడతాను."

"కుదరదక్కా. చేతులెత్తి దణ్ణం పెడతాను."

"బాబూ," టేపక్క గొంతు పెంచలేదు. ఆవిడకు నిజంగా కోపమొస్తే గొంతు తగ్గుతుంది, అది స్టూడియోలో అందరికీ తెలుసు. "మీకిది చరిత్ర. నాకిది మా నాన్న చేతి కుట్టు. ఆయన దగ్గర కూర్చుని, విప్పుతూ విప్పుతూ పని నేర్చుకున్నదాన్ని. ఇందులో ఆయన ఏదో దాచాడు. అదేంటో చూడకుండా మీరడిగినట్టు కోటు కుట్టమంటే నా వల్ల కాదు. వేరేవాళ్ళని చూసుకోండి."

ముప్పై ఎనిమిదేళ్ళలో ఆవిడ నోట ఆ మాట వచ్చింది అదే మొదటిసారి. మరదలి నోరు కూడా మూతపడింది. డైరెక్టరు మాస్టారి వంక చూశాడు, హీరోయిన్ వంక చూశాడు.

"విప్పనివ్వండి సర్," అంది హీరోయిన్, కప్పు పక్కన పెట్టి. "నాకూ చూడాలనుంది."

డైరెక్టరు చేతులు తీశాడు.

టేపక్క బ్లేడు తీసుకుని, కుడి చేతి అంచు దగ్గర మొదలుపెట్టింది. కుట్టు ఒక్కొక్కటీ ఊడుతూ వచ్చింది. చివరి పోగు తెగగానే లోపలి మడత కిందికి జారింది. పైన అరవై ఏళ్ళ మరకలతో లేత నీలం, లోపల నిన్న ముంచినంత కొత్త నీలం. అంగుళం, రెండు, మూడు. ఎడమ చేయీ అంతే. కింద అంచు మడతలో ఇంకో మూడంగుళాలు. రెండు పక్కలా, వీపు మధ్య, ఒక్కో కుట్టులో రెండంగుళాల గుడ్డ. భుజాల దగ్గర లోపలికి తోసిన మడతలు. నాన్న ఎక్కడా ఒక్క ముక్క కోసి పారెయ్యలేదు. విప్పుతున్నకొద్దీ బల్ల మీద కోటు పెరుగుతూ పోయింది. అరగంట గడిచేసరికి అక్కడున్నది హీరోయిన్ కోటు కాదు. ఎవరో వెడల్పాటి మగమనిషి కోటు.

"మాస్టారూ," అంది టేపక్క. "ఆ సరంగు కోటు కొలతలేమైనా మీ దగ్గరున్నాయా?"

మాస్టారు అప్పటికే సంచిలోంచి పుస్తకం తీస్తున్నారు. "పడవల కంపెనీ వాళ్ళ బట్టల రిజిస్టర్ దొరికింది. నేనే మొదట పట్టుకున్నాను దాన్ని." కాగితాలు గబగబా తిప్పారు. "ఛాతీ... నలభై రెండు."

టేపక్క టేపు మెడలోంచి తీసి పరిచింది. "నలభై రెండు" అంది మరదలు, వంగి చూసి.

"చేయి ఇరవై ఐదు."

"ఇరవై ఐదు."

"పొడవు ముప్పై నాలుగు."

మరదలు గట్టిగా, గది బయటివాళ్ళకు కూడా వినబడేలా, "ముప్పై నాలుగండీ మాస్టారూ!" అంది.

మాస్టారు తన పుస్తకంలో ఆ రిజిస్టర్ పేజీ ఫోటో ఉన్నచోట తెరిచి, కోటు పక్కన పెట్టారు. నూట పదహారో పేజీ. టేపక్క వంగి చూసింది. పాత సిరా అంకెలు మూడు. ప్రతి అంకె పక్కనా లేత నీలం సుద్దతో చిన్న ఏటవాలు గీత, గీత కింద చుక్క. ఫోటో కింద మాస్టారి వాక్యం: ఈ గుర్తులు ఎవరో గుమాస్తావి కావచ్చు.

టేపక్క ఆ గీత మీద వేలు పెట్టింది. గీతా చుక్కా. కొలత ఒకటికి రెండుసార్లు చూసుకున్నాక నాన్న పెట్టే గుర్తు. చిన్నప్పుడు తను పెట్టడం మరిచిపోతే సుద్దముక్కతో నెత్తి మీద మొట్టేవాడు. పన్నెండేళ్ళుగా అది ఈ పుస్తకంలో, తన అరలోనే, తను తిప్పని తర్వాతి పేజీలోనే ఉంది.

"గుమాస్తా కాదు మాస్టారూ" అంది. మరదలి చేతిలోంచి కొలతల పుస్తకం తీసుకుని తెరిచి చూపించింది. ప్రతి పేజీలోనూ, ప్రతి అంకె పక్కనా అదే గీత, అదే చుక్క. "మీకంటే నలభై ఎనిమిదేళ్ళ ముందు ఆ రిజిస్టర్ దగ్గరికి ఒకాయన వెళ్ళాడు. ఏడో క్లాసు చదివిన దర్జీ. చరిత్ర రాయడానికి కాదు, ఒక కోటు సరిగ్గా కుట్టడానికి. కుట్టాడు కూడా. మాకు అందమైన హీరోయిన్ కావాలి, గోనెసంచిలో మూటకట్టిన మనిషి కాదని పైవాళ్ళెవరో అనుంటారు. నడుము నొక్కమన్నారు, నొక్కాడు. కొయ్యమన్నారేమో, అది మాత్రం వినలేదు."

మాస్టారు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి గుర్తులు సరిచూసుకున్నారు. తర్వాత కలం తీసి, నూట పద్నాలుగో పేజీకి వెళ్ళి, ఆ రెండు వాక్యాల మీద అడ్డగీత కొట్టబోయారు.

"కొట్టెయ్యకండి" అంది టేపక్క. "పక్కన రాయండి. మా నాన్న ఏదీ కోసి పారెయ్యలేదు, మీరూ పారెయ్యకండి. ముందు ఇలా అనుకున్నాను, తర్వాత కుట్టు విప్పి చూస్తే ఇలా ఉందని రాయండి."

మాస్టారు పక్కన ఉన్న ఖాళీలో రాశారు. రాసి, చదివి వినిపించారు. నాన్న పేరు రెండుసార్లు వచ్చింది, ఇంటిపేరుతో సహా.

టేపక్క విప్పిన కుట్లకు గబగబా పొడుగు టాకాలు వేసి, కోటును హీరోయిన్‌కు తొడిగింది. చేతులు వేళ్ళు దాటి కిందికి వేలాడాయి, భుజాలు జారాయి. మరదలు ఫక్కున నవ్వింది. హీరోయిన్ నవ్వలేదు. అద్దంలో చూసుకుంది, ఎవరూ చెప్పకుండానే ఒక చేయి పైకి మడిచింది, రెండోది మడిచింది. ఆ కోటులో మనిషి మరీ చిన్నగా కనబడింది. ఆ చిన్న మనిషే మూడు వందల మందిని దాటించిందంటే అప్పుడు నమ్మబుద్ధేసింది. తర్వాత ఆవిడ ఎడమచేత్తో కాలర్ ఎత్తుకుంది.

డైరెక్టరు గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. చిన్నప్పుడు అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని వేసిన ఈల బయటికొచ్చే ముందు అలాగే ఉండేదేమో.

"కాలర్ ఎత్తినట్టు ఎక్కడా ఆధారం లేదు" అన్నారు మాస్టారు. కానీ మెల్లిగా అన్నారు.

"ఎత్తలేదని ఆధారం ఉందా మాస్టారూ?" అంది టేపక్క. "వానలో కోటు వేసుకున్నవాళ్ళు ఎవరైనా కాలర్ ఎత్తుకుంటారు. అది పాత సినిమా వాళ్ళు సరిగ్గానే పట్టుకున్నారు. ఉండనివ్వండి. కోటు మాత్రం భర్తదే, కొలతలూ అవే."

"మరి రంగు?" డైరెక్టరు అడిగాడు. "ఖాకీ అంటే జనం ఒప్పుకుంటారా? అందరికీ తెల్లకోటే గుర్తు."

"ఖాకీతో మొదలుపెడదాం. పదమూడు ట్రిప్పులు వరదనీళ్ళలో తిరిగాక తెలుపైనా ఖాకీ అయినా బురద రంగే. మీ జనం రంగు చూడరు బాబూ, ఆవిడ మడిచిన చేతులు చూస్తారు. చూడకపోతే నా మెడలో టేపు తీసి మీ మెడలో వేస్తాను."

డైరెక్టరు నవ్వేశాడు. ఆ రోజే నిర్మాతకు తనే చెప్పి ఒప్పించాడు. పాత కోటును మళ్ళీ నడుము నొక్కి కుట్టనివ్వలేదు. విప్పిన కోటు విప్పినట్టే అద్దాల పెట్టెలోకి వెళ్ళింది, లోపలి కొత్త నీలం అందరికీ కనబడేలా. పక్కన పెట్టడానికి ముందు రాయించిన కార్డు మీద కోటు వేసుకున్న పాత హీరోయిన్ పేరొక్కటే ఉండేది. ఇప్పుడు కుట్టిన మనిషి పేరు దాని పైన ఉంది.

మర్నాడు పొద్దున టేపక్క ఖాకీ గుడ్డ బల్ల మీద పరిచి, సుద్దముక్కతో గీతలు గీసింది. ఛాతీ, చేయి, పొడవు, అన్నీ సరంగువే. వరద షూటింగుకు ఒకేలాంటి కోట్లు ఆరు కావాలి. మొదటిదానికి కత్తెర పెట్టబోతుంటే మరదలు ఆపింది.

"వదినా, గీతకి రెండంగుళాలు బయట కోస్తున్నావ్. ఆరిట్లోనూ అంతేనా? అసలే పెద్ద కోటు. ఇంకా లోపల గుడ్డెందుకు?"

"అరవై ఏళ్ళ తర్వాత ఇంకొకళ్ళు తీస్తారు ఈ సినిమా" అంది టేపక్క. "వాళ్ళకి ఇంకేం తెలుస్తుందో మనకేం తెలుసు?"

మొదటి కోటు చేతి అంచు లోపలికి మడిచి కుట్టే ముందు, ఆ మడతలో, ఎవరూ చూడనిచోట, నీలం సుద్దతో ఒక గీత గీసి కింద చుక్క పెట్టింది.